విమానపు ఇంజనుకు వార్ధక్యము

బెజవాడ లారీ యజమానులు ఇంజను పాతబడిన సంగతిని ఒక్క మాటలో తేల్చివేయుదురు: “బండి బోరుకు వచ్చింది.” ఆ ఒక్క మాటలో యంత్రశాస్త్రము చాల యిమిడియున్నది. సిలిండరు లోపలి గోడ అరిగినదనియు, పిస్టను రింగుల పట్టు సడలినదనియు, నూనె పైకెక్కి డీజిలుతో పాటు మండుచున్నదనియు, పొగగొట్టము వెంట నీలిపొగ వెడలుచున్నదనియు, బరువుతో వంతెన యెక్కునపుడు బండి లాగుట లేదనియు దాని యర్థము. అంతట బండి ఆటోనగరు చేరును. ఇంజను విప్పుదురు, బోరు కొట్టింతురు, రింగులు మార్తురు, మరల రోడ్డెక్కింతురు. ఈ పని ఆరు నెలలు ఆలస్యమైనచో కలుగు నష్టము నూనె ఖర్చు. మహా అయినచో దారిలో నొకచోట బండి ఆగిపోవుట. అప్పుడు డ్రైవరు దిగి, చెట్టు నీడను కూర్చుండి, మెకానిక్కునకు కబురంపును.

ఆకాశమున చెట్టు నీడ లేదు. ఒకే ఇంజను గల చిన్న విమానము 3000 అడుగుల యెత్తున ఎగురుచుండగా ఇంజను ఆగినదనుకొనుడు. సెస్నా 172 వంటి విమానము గాలిలో జారుచు సుమారు 8 కిలోమీటర్లు మాత్రమే పోగలదు. ఆ లోపల దిగుటకు చోటు చూచుకొనవలెను. గన్నవరము నుండి తూర్పుగా గుడివాడ, కైకలూరు దిక్కునకు పోవు వైమానికునకు క్రింద కనబడునది పచ్చని సమతల భూమియే; కాని అది కంటికి మాత్రమే మైదానము. నాట్లు వేసిన చేనిలో ముందు చక్రము దిగబడినచో విమానము తలక్రిందులగును. చేను దాటిన పిదప చేపల చెరువులు, కాలువలు, కాలువ గట్లపై కొబ్బరి చెట్లు, వాని నడుమ విద్యుత్తు తీగలు. కోతలైన పిదప ఎండిన పొలము దొరికినచో అదృష్టమే. కావున విమానపు ఇంజను “బోరుకు వచ్చిన” సంగతిని లారీ ఇంజను సంగతి వలె పొగ చూచి తెలిసికొనుట చాలదు. పొగ కంటె ముందుగనే తెలిసికొనవలెను.

అట్లని, భయము చేత ఇంజనును తొందరపడి విప్పుటయు క్షేమము కాదు. ఈ మాట వినుటకు వింతగా నుండును గాని, దీనికి కారణములు గలవు. వానిని తరువాత చెప్పుదును.

ఇక్కడ మనము చెప్పుకొనుచున్నది పిస్టను ఇంజనును గూర్చి. గన్నవరమునకు ప్రతిదినము వచ్చిపోవు ప్రయాణికుల విమానములలో నున్నవి టర్బైనులు. వాని సంగతి వేరు. శిక్షణ విమానములలోను, సొంత విమానములలోను ఉండునది సామాన్యముగ గాలిచే చల్లబడు నాలుగు సిలిండర్ల ఇంజను; ప్రక్కకు రెండు చొప్పున సిలిండర్లు ఎదురెదురుగా పరుండియుండును. హిందూస్థాన్ ఏరోనాటిక్సు వారు బెంగుళూరులో నిర్మించిన “పుష్పక్” విమానము 1958లో మొదట ఎగిరినది. దేశములోని ఫ్లయింగు క్లబ్బులలో ఒక తరము విద్యార్థులు దానిమీదనే రెక్కలు సంపాదించుకొనిరి. దానిలోనిది 90 అశ్వశక్తి గల కాంటినెంటల్ ఇంజను. తరువాత వచ్చిన సెస్నా 152, 172 విమానములలో ఎక్కువగా కనబడునవి లైకామింగు ఇంజనులు. ఈ రెండు కంపెనీల నమూనాలును 1940, 1950 ప్రాంతములనాటివే. కారు ఇంజనులెన్ని మార్పులు చెందినను ఇవి పెద్దగా మారలేదు. ఇది వెనుకబాటుతనమని కొందరందురు. సుగుణదోషములన్నియు డెబ్బది యేండ్లుగా తెలిసియున్న యంత్రము వైమానికునకు కొంత ధైర్యము నిచ్చునని నా అభిప్రాయము.

లారీ ఇంజను తన పూర్తి శక్తిని ఎత్తు ఎక్కునపుడు కొద్దిసేపు మాత్రమే వినియోగించును. విమానపు ఇంజను నేల విడుచునపుడు పూర్తి శక్తితోను, ఆ పిమ్మట గంటల తరబడి తన శక్తిలో మూడింట రెండు వంతులు, నాలుగింట మూడు వంతులతోను పనిచేయును. నీటిచే గాక గాలిచే చల్లబడుటవలన వేడిమి హెచ్చుతగ్గులు ఎక్కువ. కనుక లోపలి భాగముల మధ్య ఖాళీ కొంచెము ఎక్కువగ నుంచవలసివచ్చును. అందుచేత క్రొత్త ఇంజను సైతము కొంత నూనె త్రాగును. కారులో దోషమైనది ఇక్కడ స్వభావము.

తయారుచేసిన కంపెనీ ప్రతి ఇంజనుకును ఒక గడువు సూచించును. ఇన్ని గంటలు నడచిన పిదప దానిని పూర్తిగా విప్పి, శుభ్రపరచి, కొలిచి, తిరిగి కూర్చవలెనని చెప్పును. దీనినే ఓవర్‌హాలు గడువు అందురు. పుష్పక్‌లోని కాంటినెంటల్‌కు 1800 గంటలు. సెస్నా 172లో వాడిన లైకామింగులలో పెక్కింటికి 2000 గంటలు. గంటలు నిండకున్నను 12 సంవత్సరములు గడచినచో విప్పవలెనని రెండు కంపెనీలును చెప్పును. గంటల సంగతి అందరికిని తెలిసినదే. సంవత్సరముల సంగతిని మాత్రము చాలమంది తేలికగా చూతురు. “తిరుగని యంత్రము అరుగునా?” అని వారి ప్రశ్న.

అరుగదు; తుప్పు పట్టును. కృష్ణా డెల్టాలో నివసించువారికి దీనిని వేరుగా చెప్పనక్కరలేదు. ఇంటిలోని కత్తిపీట కార్తిక మాసములో ఏమగునో గృహిణుల కందరకును తెలియును. ఒక ప్రక్క సముద్రము, ఒక ప్రక్క కృష్ణానది, మధ్య కాలువలు, నీరు నిలచిన పొలములు. వర్షకాలము గడచి చలికాలము వచ్చిన పిదప పగటి వేడిమికిని తెల్లవారుజాము చల్లదనమునకును నడుమ ఇనుము చెమర్చును. విమానపు ఇంజను లోపలి గదికి బయటి గాలితో సంబంధమున్నది. రాత్రి చల్లబడినపుడు లోపలి గాలిలోని తేమ లోహము పైన మంచు వలె దిగును. ఇంజనును నడపినపుడు ఇంధనము మండుటవలన పుట్టిన నీటి ఆవిరియు, కొంత ఆమ్లమును నూనెలో కలసియే యుండును. ఇంజను వారముల తరబడి నిలచిపోయినచో నూనె క్రిందికి జారిపోవును; తడి మాత్రము నిలచును.

ఇందులో ముందుగా దెబ్బతినునది కామ్ షాఫ్టు, దానిచే త్రోయబడు టాపెట్లు. లైకామింగు ఇంజనులో కామ్ షాఫ్టు క్రాంకు షాఫ్టునకు పైభాగమున నున్నది. నూనె దాని మీదినుండియే మొదట జారిపోవును. సన్నని తుప్పు మచ్చ యొకటి ఏర్పడినచో, తిరిగి ఇంజను నడిపినపుడు ఆ మచ్చ వద్ద గట్టిపరచిన పైపొర పెచ్చులుగా లేచును. ఆ పెచ్చులు నూనెలో కలసి బేరింగులకు పోవును. కాంటినెంటల్‌లో కామ్ షాఫ్టు క్రింది భాగమున నుండుటవలన ఈ బాధ కొంత తక్కువ.

కొందరు యజమానులు దీనికి విరుగుడుగ వారమున కొకసారి ఇంజనును నేలమీదనే పది నిమిషములు త్రిప్పి ఆపివేయుదురు. ఇది మందు కాదు, రోగమును పెంచు పథ్యము. పది నిమిషములలో నూనె తగినంత వేడెక్కదు. మండుటవలన పుట్టిన నీరు ఆవిరియై పోదు. లోపలి తడి హెచ్చును. నెల కొకసారియైనను విమానము గంటసేపు నిజముగ ఎగురవలెననియు, అప్పుడు నూనె వేడిమి 74 నుండి 93 డిగ్రీల సెంటిగ్రేడు నడుమ నుండవలెననియు లైకామింగు వారి సలహా. ఎగురుటకు వీలులేనిచో తుప్పు పట్టనీయని నూనె పోసి, రంధ్రములు మూసి, తేమను పీల్చు మందును అమర్చి భద్రపరచవలెను. తుపాను నీటిలో మునిగిన ఇంజనుకు గాని, ప్రొపెల్లరు నేలకు తగిలి హఠాత్తుగా ఆగిన ఇంజనుకు గాని ఏ గడువును లేదు. గంటలెన్ని యున్నను వెంటనే విప్పి చూడవలసినదే.

ఇక నడచుచున్న ఇంజను సంగతి. 1800 గంటలు నడచినది, ఇంకను 200 గంటలున్నవి. లేదా గడువు నిండినది గాని చక్కగా నడచుచున్నట్లున్నది. ఏమి చేయవలెను? శిక్షణ సంస్థలకు ఈ స్వేచ్ఛ తక్కువ. ఆమోదింపబడిన నిర్వహణ క్రమము ప్రకారము, లైసెన్సు గల ఇంజనీరు సంతకముతోనే ఏ నిర్ణయమైనను జరుగవలెను. కాని గడువు లోపలనే ఇంజను పాడుకాదను హామీ యెవ్వరును ఈయలేదు. కావున గడువునకు ముందైనను తరువాతనైనను ఇంజనును చదువుట నేర్చుకొనవలెను. ఇంజను తన సంగతి తాను చెప్పును. వినుటకు నాలుగైదు మార్గములున్నవి.

మొదటిది నూనె లెక్క. 160 అశ్వశక్తి గల లైకామింగు గంటకు సుమారు అర లీటరు వరకు నూనె త్రాగినను కంపెనీ పరిమితి లోపల నున్నట్లే. ఈ అంకె విని చాలమంది ఆశ్చర్యపడుదురు. కాని పరిమితి కన్న ముఖ్యమైనది మార్పు. పది గంటలకొక లీటరు త్రాగు ఇంజను రెండేండ్లు అట్లే త్రాగుచున్నచో కంగారు లేదు. అదే ఇంజను రెండు నెలలలో ఐదు గంటలకొక లీటరునకు దిగినచో కారణము వెదకవలెను. దీనికి కావలసినది ఖరీదైన పరికరము కాదు. పోసిన ప్రతి లీటరును తేదీతో, గంటలతో వ్రాసియుంచు పుస్తకము. రైసుమిల్లు గుమాస్తా వ్రాయు పద్దు వంటి పద్దు చాలును.

రెండవది నూనె వడపోత. ఫిల్టరు గల ఇంజనులో 50 గంటలకో, నాలుగు నెలలకో, ఏది ముందైన దానికి, నూనె మార్చవలెను. మార్చినపుడు పాత ఫిల్టరును పారవేయక కోసి, లోపలి మడతల కాగితమును విప్పి, వెలుతురులో చూడవలెను. చిన్న మెరుపులు కనబడినచో అయస్కాంతము పెట్టి చూతురు. అంటుకొన్నది ఇనుము; అది కామ్ షాఫ్టు, టాపెట్ల నుండి వచ్చియుండవచ్చును. అంటుకొననిది అల్యూమినియము, కంచు వంటివి. పిస్టనుల నుండియో, పిస్టను పిన్నుల కొనల నుండియో, బేరింగుల నుండియో వచ్చినవగును. ఒకటి రెండు రవ్వలకు భయపడనక్కరలేదు. పది గంటలు నడిపి మరల కోసి చూతురు. పెచ్చులు పెచ్చులుగా కనబడినచో మాత్రము విమానమును గట్టివేయవలసినదే. ఈ ఒక్క పరీక్షకు నేనిచ్చు విలువ మరి దేనికిని ఈయను. నూనె నమూనాను ప్రయోగశాలకు పంపినచో కంటికి కనబడని లోహముల పాళ్ళు సైతము తెలియును. అందులో సిలికాను హెచ్చినదనగా దుమ్ము లోపలికి పోవుచున్నదని యర్థము. అప్పుడు ఇంజనును గాదు, గాలి ఫిల్టరును మార్చవలెను.

మూడవది వాయుపీడన పరీక్ష. ఇంజను వేడిగా నున్నపుడు ఒక సిలిండరులో పిస్టనును పైకొనకు తెచ్చి, రెండు వాల్వులును మూసియున్న స్థితిలో ప్లగ్గు రంధ్రము గుండ చదరపు అంగుళమునకు 80 పౌండ్ల ఒత్తిడితో గాలిని పంపుదురు. రెండవ గడియారము లోపల నిలచిన ఒత్తిడిని చూపును. 74 చూపినచో “80కి 74” అని వ్రాయుదురు. ఆ సమయమున ప్రొపెల్లరును గట్టిగా పట్టుకొని నిలచువాడు జాగరూకుడై యుండవలెను. పట్టు తప్పినచో అది కత్తి వలె తిరుగును.

ఇక్కడ అంకె కన్న చెవి ముఖ్యము. గాలి కారుచున్న చప్పుడు ఎక్కడ వినబడుచున్నదో చూడవలెను. నూనె పోయు గొట్టమువద్ద వినబడినచో రింగులు వదలుచున్నవి. కార్బురేటరు వద్ద వినబడినచో లోనికి వచ్చు వాల్వు. పొగగొట్టము వద్ద బుసకొట్టినచో వెడలగొట్టు వాల్వు. అన్నింటిలో భయపడవలసినది ఇదియే. రింగుల వెంట కొంత గాలి పోయినను ఇంజను శక్తి పెద్దగా తగ్గదు. అది నెమ్మదిగా వచ్చు ముసలితనము. వాల్వు ఒక ప్రక్క కాలినచో, ఆ కాలిన చోట మంట మరింత దూరి, తుదకు వాల్వు తునిగి సిలిండరులో పడవచ్చును. కాంటినెంటల్ కంపెనీ వారు 2003లో ఇచ్చిన సూచనలలో ఈ పీడన పరీక్షతో పాటు సన్నని నాళికా దర్శినితో సిలిండరు లోపలి భాగమును కన్నులార చూడవలెనని చెప్పిరి. ఆరోగ్యముగల వాల్వు ముఖము మీద రంగులు గుండ్రముగ, సమముగ నుండును; జబ్బుపడిన దానిమీద ఒక ప్రక్కకు ఒరిగియుండును.

ఉదయము మొదటిసారి నడిపినపుడు ఇంజను తడబడి, రెండు నిమిషములలో సర్దుకొన్నచో చాలమంది సంతోషింతురు. సంతోషింపదగినది కాదు. వాల్వు కాడ మసి పట్టి, చల్లగ నున్నపుడు ఇరుకుకొనుచున్నదనుటకు అది గుర్తు. ఒకనాడు గాలిలోనే ఇరుకుకొనవచ్చును.

ఇప్పుడు ముందు చెప్పిన వింత సంగతికి వత్తము. రెండవ ప్రపంచ యుద్ధకాలమున బ్రిటిషు వైమానిక దళపు సముద్రతీర విభాగములో వాడింగ్టను అను జీవశాస్త్రజ్ఞుడు విమానముల మరమ్మతు లెక్కలను పరిశీలించెను. క్రమము తప్పక చేయు ప్రతి తనిఖీ తరువాత మరమ్మతులు తగ్గుటకు బదులు హెచ్చుచున్నవనియు, గంటలు గడచిన కొలది మరల తగ్గుచున్నవనియు ఆయన కనుగొనెను. చక్కగా నడచుచున్న దానిని విప్పి బిగించుటయే కొన్ని చెడుగులకు మూలమైనది. 1978లో అమెరికాలో యునైటెడ్ ఎయిర్‌లైన్సుకు చెందిన నౌలాన్, హీప్ అను ఇంజనీర్లు ప్రకటించిన నివేదికలో, విమాన భాగములలో నూటికి 11 వంతులు మాత్రమే వయస్సు పరిమితి వలన మేలు పొందునవని చెప్పిరి. దీనిని పట్టుకొని గడువులన్నియు నిరర్థకములని కొందరు వాదింతురు. అంత దూరము పోరాదు. ఆ లెక్కలో ఎలక్ట్రానిక్ పరికరములు మొదలైనవెన్నో కలసియున్నవి; పిస్టను ఇంజను నిజముగ అరుగు యంత్రము. ఐనను ఒక సంగతి నిలచును: క్రొత్తగా కూర్చిన ఇంజను మొదటి నూరు, రెండు నూర్ల గంటలలో పొరపాట్లు బయటపడును. ఒక నట్టు సరిగా బిగియలేదు, ఒక ముక్క లోపముగలది, ఒక గుడ్డపీలిక లోపల మిగిలినది. కావున పై పరీక్షలన్నియు మంచి సాక్ష్యమిచ్చుచున్న ఇంజనును కేవలము తేదీ దగ్గరపడినదని ముందుగ విప్పుట, తెలిసిన క్షేమమును విడిచి తెలియని అపాయమును కొనుటయే.

సాక్ష్యము చెడ్డగ నున్నచో ఎంతవరకు విప్పవలెను? ఒక సిలిండరు వాల్వు కాలినచో ఆ సిలిండరును మాత్రము దింపి బాగుచేయవచ్చును. నాలుగు సిలిండర్లను దింపి బాగుచేయుటను పై మరమ్మతు అందురు. 900 గంటల ఇంజనుకు ఇది తగును. 1900 గంటల ఇంజనుకు తగదు. క్రింద నున్న క్రాంకు షాఫ్టు, బేరింగులు, కామ్ షాఫ్టు పాతవిగనే యుండగా పైన క్రొత్త సిలిండర్ల మీద సొమ్ము వెచ్చించుట, మొదలు పుచ్చిన పందిరికి క్రొత్త తాటాకు కప్పుట వంటిది. అదియు గాక, సిలిండర్లను బంధించు మరలు క్రింది బేరింగులను గూడ బిగించియుంచును. నాలుగింటిని ఒక్కసారి దింపి, ప్రొపెల్లరును త్రిప్పి, లెక్కగ బిగింపనిచో బేరింగులు జారును. ఫిల్టరులో కామ్ షాఫ్టు పెచ్చులు కనబడినపుడు పై మరమ్మతు ప్రసక్తియే లేదు. దానిని చేరుటకు ఇంజను పెట్టెను రెండుగ విప్పవలెను. విప్పిన పిదప అది పూర్తి మరమ్మతే.

పూర్తి మరమ్మతులో ప్రతి భాగమును కడిగి, ఉక్కు భాగములను అయస్కాంత పరీక్షతో పగుళ్ళకై వెదకి, సూక్ష్మముగ కొలుతురు. కొలతలలో రెండు వరుసలు గలవు: క్రొత్త భాగమునకు ఉండవలసిన కొలత యొకటి, అరిగినను ఇంకను వాడదగిన కొలత మరియొకటి. రెండవ వరుస ప్రకారము కూర్చినను కాగితము మీద “ఓవర్‌హాలు” అనియే వ్రాయవచ్చును. అందుచేత ఇంజనును అప్పగించుటకు ముందే ఏ వరుస కొలతలకు కూర్చుదురో, ఏ భాగములు క్రొత్తవి వేయుదురో వ్రాయించుకొనవలెను. ధర చౌకయైన చోట ఈ రెండవ వరుసయే ఉండుట కద్దు.

ఖర్చు సంగతి లెక్కకు సులువుగా నుండుటకు 20 లక్షల రూపాయలని ఊహింతము. గడువు 2000 గంటలు. ఎగిరిన ప్రతి గంటకును 1000 రూపాయలు తీసి ప్రక్కన పెట్టనిచో ఇంజను గడువు నిండునాటికి చేతిలో ఏమియు నుండదు. అప్పుడు నిర్ణయించునది ఇంజను గాదు, ఖాళీ పెట్టె. 1800 గంటలకు విప్పినచో రెండు లక్షల విలువగల ఆయువును వదలుకొన్నట్లు. లోపల పెచ్చులు లేచుచున్నను నడిపినచో ఆ పెచ్చులు క్రాంకు షాఫ్టును గీచి, బాగుచేయదగిన ఇంజను పాత ఇనుమగును. బాగుచేయువారు పాత భాగములకు కట్టు విలువ గూడ పోవును. అంకెల మాట యెట్లున్నను, ముందు సీటులో కూర్చుండు పందొమ్మిదేండ్ల విద్యార్థికి ఈ లెక్కపుస్తకము కనబడదు.

మరమ్మతు నుండి తిరిగివచ్చిన ఇంజనుకు మొదట సామాన్యముగ మందుల కలపని శుద్ధమైన ఖనిజ నూనె పోయుదురు. క్రొత్త రింగులు సిలిండరు గోడకు ఒదుగవలెనన్నచో ఒత్తిడి కావలెను. కనుక క్రొత్తది గదా యని మెల్లగ నడుపరాదు. హెచ్చు శక్తితోనే, తక్కువ ఎత్తున, వేడిమిని కనిపెట్టుచు నడుపవలెను. వేసవి మధ్యాహ్నపు ఎండలో గాక తెల్లవారుజామున ఈ పని పెట్టుకొనుట మేలు. నూనె వాడకము ఒక స్థిరమైన అంకెకు వచ్చువరకు, అనగా సుమారు 50 గంటలు, ఆ నూనెనే వాడుదురు. మొదటి గంటలు రన్‌వే అందుబాటులోనే, గాలిలో జారి చేరగల దూరము దాటక ఎగురుదురు. మొదటి ఫిల్టరును కోసినపుడు కొంత మెరుపు కనబడుట సహజము. రెండవ దానిలో తగ్గవలెను, మూడవ దానిలో కనబడరాదు.